నల్లా గుంతల మీద నా పేచీ

మొన్న మా ఊరి పై వీధిలో మురికికాలువ కోసం తవ్వుతుంటే, చుట్టూ రాళ్లు పేర్చి లోపలికి రెండు మెట్లు కట్టిన గుంత ఒకటి బయటపడింది. పని చేయిస్తున్న మేస్త్రీ అది పాతకాలపు జొన్నల పాతర అనుకుని, లోపల ఏమైనా దొరుకుతుందేమోనని ఆశగా ఇంకా లోతుకు తవ్వించాడు. చూస్తున్న నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ గుంతను పూడ్పించింది నేనే. అందుకోసం నేను తిన్న తిట్లన్నీ పోస్తే అది మళ్లీ నిండుతుంది.

నా ఈడు వాళ్లకు నల్లా గుంత అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ధరూరు వైపు పల్లె మాది, కృష్ణ అంత దగ్గరలో పారుతున్నా మాకు దిక్కు బోరు నీళ్లే, అవీ రోజు విడిచి రోజు. ధార సన్నగా వచ్చేది కాబట్టి ఎవరో ఒకాయన వాకిట్లో గుంత తవ్వి, పైపును కిందికి కోసి, నల్లాను అడుగున పెట్టుకున్నాడు. ఆయన బిందె ముందు నిండటం చూసి పక్కింటాయన ఇంకొంచెం లోతుకు తవ్వాడు. అలా తవ్వుకుంటూ పోయి, పై వీధిలో ప్రతి వాకిట్లో నడుం లోతు గుంత తయారైంది. ఆ గుంతల్లోనే కాళ్లు కడిగేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, ఎండాకాలం కుక్కలు చల్లగా ఉంటుందని అందులోనే పడుకునేవి.

ఊరి ట్యాంకులో బ్లీచింగు మందు కలిపి నీళ్లు వదిలే పని మొదట మా ఆయనది. ఆయన కూలీలను పోగుచేసే గుంపు మేస్త్రీ వెంట పుణె పనికి పోయాక, ఇంకెవరూ దొరక్క పంచాయతీ వాళ్లు ఆ వాల్వు తిప్పే ఇనుప చావిని నా చేతిలో పెట్టారు. మాది ఊరి చివర, పల్లంలో ఉన్న కూలోళ్ల వాడ. పై వీధి దాటి, అదే పైపులో మిగిలిన నీళ్లు మాకు వచ్చేవి. మా అత్తకు ఒక పట్టింపు ఉండేది. నల్లాలోంచి వచ్చే మొదటి బిందె ఎవరూ ముట్టని నీళ్లని, వాటిని ఎల్లమ్మ ముందు పెట్టి, దండం పెట్టుకున్నాకే పిల్లలకు తాగడానికి పోసేది. వాడలో చాలామందిది అదే పద్ధతి.

ఒకనాడు మా అత్త మొదటి బిందెలో నీళ్లు లేత పసుపు రంగులో వచ్చాయి, పసుపు వాసన కూడా వేశాయి. ఇంక ఆమె సంబరం చూడాలి! తల్లి కరుణించిందని వాడనంతా పిలిచి తలా ఒక గుక్క పోసింది, నా చిన్న బిడ్డకైతే రెండు గుక్కలు ఎక్కువే పోసింది. మర్నాటికి ఆ పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లారేసరికి కళ్లు గుంటలు పడిపోతే, షేర్ ఆటోలో ఒళ్లో వేసుకుని గద్వాల దవాఖానకు పరిగెత్తాను. వాడలోని ఇంకో ఇద్దరు పిల్లలూ మా వెనకే వచ్చారు. ఇది నీళ్ల వల్లేనని, ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదని అక్కడి నర్సమ్మ చెప్పింది.

పిల్లకు సెలైను ఎక్కించుకుని ఇంటికి తిరిగొస్తే, వాడ నన్నే నిలదీసింది. ట్యాంకులో మందు కలిపినవా లేదా అని నా సొంత వాళ్లే అడుగుతుంటే ఒళ్లు మండిపోయింది. బ్లీచింగు పొడి కలిపి కలిపి నా వేళ్ల తోలు ఊడుతోంది, చూసుకోండని చేతులు చాపాను. కోపం తగ్గాక మాత్రం ఆ పసుపు మీదికి మనసు పోయింది. ఆ వారమే పై వీధిలో సర్పంచి ఇంట్లో పెళ్లి జరిగింది. వాకిట్లో పీట వేసి పెళ్లికూతురికి పసుపు రాసి నీళ్లు పోశారు.

తర్వాతిసారి వాల్వు కట్టేసి నేరుగా వాళ్ల వాకిటికి పోయి నిలబడ్డాను. గుంతలో నిలిచిన నీళ్లు నల్లా నోరు దాటి పైకి ఉన్నాయి. పైపులో నీళ్లు పల్లానికి, అంటే మా వాడకు, జారిపోతుంటే వాటి వెనకే ఆ మురికి నీళ్లు గుర్రుమంటూ నల్లాలోకి పోతున్నాయి. నా కళ్ల ముందే ఒక వాడిన బంతిరెక్క కూడా లోపలికి పోయింది. మా అత్త దేవత ముందు పెట్టిన మొదటి బిందె ఎక్కడిదో అప్పుడు అర్థమైంది.

గుంతలు పూడ్చమని సర్పంచిని అడిగితే నవ్వాడు.

"ఊరంత పెట్టుకున్నరు, నీకేంది పరేషాన్?"

లోపల్నుంచి ఆయన తల్లి పటేలమ్మ అందుకుంది. "నీళ్లు ఇడిసేదానివి ఇడువు. మా వాకిట్ల సంగతి నీకెందుకే?"

"పూడ్సేదాక వాల్వు తిప్పనమ్మా," అనేసి వచ్చేశాను.

వాళ్లకు ఆపితే మాకూ ఆగిపోతాయన్నది ఆ కోపంలో నాకు తట్టనే లేదు. వాడ ఆడవాళ్లు నా మీదికి వచ్చారు, రావడం న్యాయమే. గుంతలో నేను చూసింది చెప్పగానే, అంతవరకూ మూలన కూర్చున్న మా అత్త లేచి బిందె చంకన పెట్టుకుంది.

"నడువుండ్రి. ఆళ్ల పిల్ల తానం జేసిన నీళ్లు నా తల్లి ముంగట వెట్టిన, నా మన్మరాలి నోట్ల వోసిన. ఇంకో బొట్టు ముట్ట."

మైలు దూరంలో వేరుశనగ చేలో ఉన్న బోరు దాకా ఆమె ముందు నడిచింది, ఆమె వెనక వాడంతా నడిచింది.

మూడోరోజు చావి తెమ్మని సర్పంచి పంచాయతీ లెక్కలు రాసే కారోబారును పంపాడు. ఈ నీళ్లు తాగడానికి మంచివని కాగితం మీద రాసి సంతకం పెట్టండి, చావి ఇప్పుడే ఇస్తానన్నాను. ఆ కాగితం ఈ రోజుకీ రాలేదు! పై వీధి వాళ్లకూ చివరికి ఆ చేని బోరే గతి అయింది. పటేలమ్మ కోడలు మా అత్త వెనక వరసలో నిలబడిన రోజు సాయంత్రమే వాళ్ల గుంతలో మొదటి తట్ట మట్టి పడింది. వారం తిరిగేసరికి వీధంతా చదునైంది. ఏడాదిలోపే సర్పంచి ఏదో వంక పెట్టి నన్ను పనిలోంచి తీసేశాడు. తీసేస్తే తీసేశాడు, పూడ్చిన గుంతలను మళ్లీ తవ్వమనలేకపోయాడు కదా.

ఇప్పుడు పెద్ద పైపులు వచ్చాయి, ఇంటింటికీ నల్లా ఉంది. అయినా మా వాళ్లు ఆ నీళ్లతో గిన్నెలు తోముకుని, తాగడానికి ఆటోలో వచ్చే క్యాన్లు కొంటున్నారు. ఆ నీళ్లు ఎక్కడివి, ఆ క్యాన్లు ఎప్పుడు కడిగారని నేను అడిగితే, అమ్మేవాడు నవ్వుతాడు, మా కోడలు చేయి పట్టి లోపలికి లాగుతుంది. వాడలో నాకు పేచీకోరు ముసలిదని పేరు. ఉండనీ. నా బిడ్డ ఈరోజు ఇద్దరు పిల్లల తల్లి అయిందంటే ఆ పేచీ వల్లనే. బాధంతా ఒక్కటే. అప్పుడు ఒక మాటకు వాడంతా బిందెలెత్తి కదిలింది, ఇప్పుడు అడుగుతూ వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. అయినా రేపు ఆటో వస్తే మళ్లీ అడుగుతాను.