తొడుగు కింద అర అంగుళం

పన్నెండేళ్ళుగా నేను మోస్తున్న బరువు అర అంగుళం. బరువును అంగుళాల్లో చెప్పకూడదని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి నేనే. అయినా దీనికి వేరే కొలత దొరకలేదు. ఇంట్లో ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఆ రోజు తప్పు నాది. ముందు ఆ ముక్క రాసేస్తున్నాను. తర్వాత రాసే ప్రతి మాటలోనూ తప్పించుకునే దారి వెతుకుతానేమోనని నా మీద నాకే అనుమానం.

అప్పుడూ ఇప్పుడూ నేను కర్నూలులో ఒక హైస్కూలులో సైన్సు ఉపాధ్యాయుణ్ణి. ఫిజిక్సులో బి.ఏ. (అప్పట్లో సైన్సుకూ బి.ఏ. పట్టానే ఇచ్చేవారు) ప్యాసైనవాణ్ణని ఊళ్ళో మర్యాద ఉండేది. స్కూల్లో ఒక మీటరు బద్ద ఉండేది. ఒక అంచున సెంటీమీటర్లు, ఇంకో అంచున అంగుళాలు, రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు. ఒకరోజు క్లాసులో గోల భరించలేక దాంతో బల్ల మీద కొట్టాను. తొడుగు ఎగిరిపోయింది. కొస చీలింది. మరుసటి వారమే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. స్కూలు సామాను పగిలితే ఎవరి చేతిలో పగిలిందో స్టాకు రిజిస్టరులో రాసి సంతకం చేయాలి. నేను రాయలేదు. చీలిన అర అంగుళాన్ని రంపంతో కోసేసి తొడుగు మళ్ళీ బిగించాను. ఒకటో అంగుళం గీత తొడుగు కిందికి పోయింది. ఇన్‌స్పెక్టరు బద్దను చేత్తో పట్టుకుని కూడా చూశాడు, ఏమీ అనలేదు. కోసిన ముక్కను ఎందుకో పారేయలేదు. నా కలాల పెట్టెలో వేసుకున్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. ఆ సంగతి మరిచిపోయాను. నిజంగా మరిచిపోయానా? పిల్లల ప్రయోగాల్లో అంకెలు పుస్తకంతో కలవకపోతే "సరిచెయ్యండి" అనేవాణ్ణి. సరిచేయడమంటే మళ్ళీ కొలవడం కాదు, అంకె మార్చడం. మా క్లాసులో ఆ మాటకు అదే అర్థం. అందుకే బద్ద బయటపడలేదు. లేదా, బద్ద బయటపడకూడదనే ఆ మాటకు ఆ అర్థం నేర్పానా?

ఆ డిసెంబరులో దేవదానం వచ్చాడు. అసలు పేరు వేరే. నా దగ్గర చదువుకున్నవాడే, అప్పటికి ఇంకో ఊరి కాలేజీలో ఫిజిక్సు బి.ఏ. చివరి ఏడు చదువుతున్నాడు. వాళ్ళది బేతంచెర్ల దగ్గర పల్లె. నాయన గనిలో నాపబండలు కొలతకు కొట్టేవాడు, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేవాడు. ఆ పల్లెలో బి.ఏ. దాకా పోయినవాడు దేవదానం ఒక్కడే.

అతనికి నాతో రెండు పనులు. చలిజ్వరం వచ్చి కాలేజీలో లోలకం ప్రయోగం తప్పిపోయింది. క్రిస్మసు సెలవుల్లో ఎవరైనా సైన్సు ఉపాధ్యాయుడి దగ్గర చేసి సంతకం తెమ్మని వాళ్ళ లెక్చరరు ఒప్పుకున్నాడు. రెండోది, మద్రాసులో పై చదువుకు దరఖాస్తు. ప్రయోగాలు చేసే నేర్పు ఇతనికి ఉందని నేను ఉత్తరం రాస్తే దానికి జతచేస్తాడు. దరఖాస్తు కాగితం మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి, పురికొస కట్టి తెచ్చాడు.

మూడు రోజులు చేశాడు. గాలికి గుండు చెదరకుండా కిటికీలు మూసుకుని, దారం పొడవు మార్చి మార్చి, ఊపులు లెక్కపెట్టాడు. భూమ్యాకర్షణ అంకె ప్రతిసారీ పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువ వచ్చింది. సరిచెయ్యమన్నాను. ఎదురు చెప్పలేదు, కానీ అంకె మార్చలేదు. మళ్ళీ మొదటినుంచి కొలిచాడు. మూడో రోజు మధ్యాహ్నం నోటుపుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, దారం పొడుగయ్యేకొద్దీ తప్పు తగ్గుతాండాది. పొట్టి దారానికి శానా వస్తాండాది. ఎందుకు సార్?"

ఆ ప్రశ్న ఎంత గొప్పదో మీకు చెప్పాలి. కొస తెగిన బద్ద ఏ దారాన్నైనా అర అంగుళం ఎక్కువ చూపిస్తుంది. దారం ఎంత ఉన్నా తప్పు అదే అర అంగుళం అయితే, పొట్టి దారంలో అది పెద్ద వంతు, పొడుగు దారంలో చిన్న వంతు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు అంకెల్లోంచే ఆ అర అంగుళాన్ని పట్టుకున్నాడు. అది ఎక్కడ దాక్కుందో తెలియదు, అంతే. నేను బద్ద కొసనున్న ఇత్తడి వైపు చూశాను. చూశానన్నది బాగా గుర్తుంది.

"బద్దను ఒకసారి చూసుకుందామా సార్? మా నాయన దినామూ పొద్దున్నే బద్దను బండమీది గాట్లకు పెట్టి చూసుకుంటాడు. వాడేకొద్దీ కొసలు అరుగుతాయంట."

గనిలో ఒక బండ మీద మూడడుగుల దూరాన రెండు గాట్లు కొట్టి ఉంటాయని, వాటి మధ్య తన బద్ద సరిపోతేగానీ ఎవడూ పని మొదలుపెట్టడని అంతకుముందే చెప్పి ఉన్నాడు.

"ఇది సర్కారు బద్దప్పా," అన్నాను. "మీ నాయన బండలు కొట్టే బద్ద కాదు. చెయ్యి కుదురు లేనోడే తప్పు బద్ద మీద వేస్తాడు."

అతను కాసేపు తన కుడి అరచేయి చూసుకున్నాడు. "అట్లయితే నా చెయ్యే సార్," అన్నాడు.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? అర అంగుళానికి ఎవరి ఉద్యోగమూ పోదు. అసూయా? నేనూ ఒకప్పుడు మద్రాసుకు దరఖాస్తు పెట్టినవాణ్ణే, జవాబు రానివాణ్ణే. బండలు కొట్టేవాడి కొడుకు నాకు కొలత నేర్పడమేమిటనా? ఒక్కో ఏడు ఒక్కో జవాబు నిజమనిపిస్తుంది. కొన్నిసార్లు, నోటికి ఆ మాట వచ్చేటప్పటికి బద్ద సంగతి ఇంకా గుర్తుకే రాలేదని, ఆ తర్వాతే తట్టిందని నన్ను నేను నమ్మించుకుంటాను. అలాగైతే ఇత్తడి వైపు ఎందుకు చూశాను?

ఆ సాయంత్రమే అతను అంకెలు చెరిపి, పుస్తకానికి సరిపోయేవి రాశాడు. నేను సంతకం పెట్టాను. మద్రాసు దరఖాస్తుకు ఉత్తరం అతను అడగలేదు. అట్టలు చంకలో పెట్టుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు. నేను వెనక్కి పిలవలేదు.

తర్వాత తెలిసింది, బి.ఏ. ప్యాసయ్యాడని, దరఖాస్తు పంపలేదని, డోనులో రైల్వే పార్సిలు గుమాస్తాగా చేరాడని. మంచి ఉద్యోగమే కదా అనుకున్నాను. ఆ మాట చాలాసార్లు అనుకోవలసి వచ్చింది.

ఈమధ్య గుంతకల్లు పోతూ డోనులో దిగాను. బండి ఆలస్యం. పార్సిలు గదిలో అతను తూకం యంత్రం మీద ముద్ర ఉన్న పడికట్టు రాళ్ళు ఒక్కొక్కటే పెట్టి ముల్లు చూస్తున్నాడు. మామిడిపండ్ల బుట్టలతో నిలబడ్డ బనగానపల్లె ఆసామి విసుక్కున్నాడు: "ఏమప్పా, దినామూ తూకాన్నే తూస్తాండావు, మా బుట్టలు ఎప్పుడు తూస్తావు?" దేవదానం నవ్వాడు, తొందరపడలేదు. చివరి చిన్న రాయిని ముల్లు అదరకుండా దించాడు. నేను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. అందులో వణుకు లేదు. ఎప్పుడూ లేదు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేసి, పక్కవాళ్ళకు "మా సార్" అని చెప్పాడు. నీళ్ళు తెచ్చిచ్చాడు. తాగి బండెక్కాను.

గుంతకల్లులో పని ఏం చేశానో గుర్తులేదు. కర్నూలు చేరాక స్టాకు రిజిస్టరు తీసి, బద్ద నా చేతిలో పగిలిందని, కోసి దాచానని రాసి సంతకం చేశాను. హెడ్మాస్టరు చదివి, నా ముఖం చూసి, బద్దను పనికిరానిదిగా రిజిస్టరులోంచి కొట్టివేశాడు. దాన్ని ఇప్పించుకుని మళ్ళీ డోను వెళ్ళాను. తొడుగు ఊడదీసి అతని బల్ల మీద పెట్టాను. చెప్పవలసిందంతా చెప్పాను. అతను కోసిన కొసను వేలితో తడిమి చూశాడు.

"ఆ పొద్దు మీకు తెలుసా సార్?"

పన్నెండేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న అదే. దానికి నా దగ్గర నాలుగైదు జవాబులున్నాయి. ఒక్కటే బయటికి వచ్చింది.

"తెలుసు," అన్నాను.

అతను బద్దను నా వైపు జరిపాడు. తర్వాత మెల్లగా, "మా నాయనకు గూడా చెప్పండి సార్. నా చెయ్యి బాగలేదని ఆయప్ప గూడా నమ్మినాడు," అన్నాడు. అంతే. పార్సిళ్ళ వైపు తిరిగాడు.

బేతంచెర్ల బండెక్కాను. మరునాడు పొద్దున గనిలో ఆ పెద్దాయనను కలిశాను. ఫలానావాణ్ణని చెప్పి, జరిగింది చెప్పి, బద్ద చేతికిచ్చాను. ఆయన గొంతుక్కూర్చుని బండ మీది దుమ్ము తుడిచి, గాట్ల మధ్య బద్ద పెట్టాడు. ముప్పైయారో అంగుళం గీత రెండో గాటును అందుకోలేదు.

"తక్కువుండాది," అన్నాడు, ఏ బద్దనైనా అనేటట్టే. "ఎవరు కోసినారు?"

"నేనే."

"తక్కువ బద్దను ఈడ ఉంచం సామీ. ఇంకొకని చేతికి పోకుండా ఇరిచేస్తాం." బద్దను తిరిగి నా చేతిలో పెట్టాడు.

మోకాలికి ఆనించి విరిచాను. ఆయన రెండు ముక్కలూ తీసుకుని రాతిపొడి కుప్ప మీదికి విసిరి, సుత్తి అందుకున్నాడు. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. కాసేపు నిలబడి, స్టేషను దారి పట్టాను. నడుస్తుంటే ఊపిరి మాత్రం బాగా ఆడింది.

అర అంగుళం ముక్క ఇంకా నా కలాల పెట్టెలోనే ఉంది. అది ఎవరికి ఇవ్వాలో నాకు తెలియడం లేదు.