ఒంటి చెప్పుల రేవు

ఆ ఉదయం ముసురు పట్టి ఉంది. తూర్పుగాలికి హార్బర్లో పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. నేను లారీ మీంచి ఐసు దిమ్మలు దింపి, పొడి చేసే మరలో వేస్తున్నాను. మర ఆగాక గాని జేబులో ఫోను మోగుతోందని తెలియలేదు. అవతల బావ, అంటే మా పెద్దమ్మ అల్లుడు.

"బావా, అత్త పోనాది."

"ఏటి?"

"పొద్దున్నే టీకి నీల్లెట్టింది. మరిగినాయో లేదో సూత్తన్నట్టు పొయ్యి పక్కనే కూకుండిపోయింది. పిలిత్తే పలకలేదు."

మిగిలిన దిమ్మలు దింపేసి, మేస్త్రీకి చెప్పి భీమిలి బస్సెక్కాను. రుషికొండ దాటాక కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకుంటుంటే కండక్టరు వింతగా చూశాడు. చావింటికి వెళుతున్నానని అతనికి తెలియదు. ఆవిడ గురించి ఏడుస్తూ చెప్పడం నాకు చేతకాదు. ఆవిడ ఉన్నచోట ఎప్పుడూ ఏదో ఒక గోల, ఒక సందడి.

గోస్తనీ సముద్రంలో కలిసే చోట మాది చిన్న ఊరు. మగవాళ్ళు వేటకి వెళతారు. ఆటుకి నీరు తీసినప్పుడు ఆడవాళ్ళు ఏటి బురదలోకి దిగి గుల్లలు ఏరతారు. అది కళ్ళతో వెతికే పని కాదు. అరికాలితో తడుముతూ పోయి, గట్టిగా తగిలినచోట వంగి తీయాలి. చెప్పులతో దిగితే బురద వాటిని లాగేసుకుంటుంది, కాలికి గుల్లా తెలియదు. ఆ గుల్లలు అమ్మి మా అమ్మ, పెద్దమ్మ పిల్లల్ని పెంచారు.

రోడ్డు బాగుపడ్డాక ఆదివారాలు పట్నంనుంచి గేలాలవాళ్ళు రావడం మొదలైంది. వాళ్ళ వెనకే పిక్నిక్కుల వాళ్ళు. చేపలు పట్టుకుంటే మాకేమీ కోపం లేదు. వాళ్ళు వెళ్ళాక గట్టు మీద మిగిలేదాంతోనే తంటా. బిర్యానీ పొట్లాలు, సీసాలు, తెగిన తంగూసు దారాలు, వాటి చివర గేలాలు. కొందరు సీసాల్ని రాయికేసి కొట్టి మరీ వెళ్ళేవారు. ఒక చలికాలం మా వీధి ఆడవాళ్ళలో సగం మంది కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని ఇళ్ళలో కూర్చున్నారు. పెద్దమ్మ మడమలో మూడు ముళ్ళ గేలం దిగింది. ఆసుపత్రిలో కోసి తీశారు. ఆ కాలు మళ్ళీ బురదను నమ్మలేదు.

అప్పుడు రేవుకు దిగే దారిలో టీ పాక వేసుకుంది. ఒక ఆదివారం గేలం కర్రలతో వస్తున్న ఇద్దరు కుర్రాళ్ళకు అడ్డంగా నిలబడింది.

"బాబూ, ఒక సెప్పు ఇప్పు."

"ఎందుకు?"

"నాకాడ ఉంటాది. ఎల్లేటప్పుడు నీ సెత్త మూట సూపించి నీ సెప్పు నువ్వట్టుకెల్లు."

"రెండూ తీసుకో మామ్మా, ఒకటేం చేసుకుంటావ్?"

"రెండూ ఇచ్చేత్తే పోనాయిలే అనుకుని ఉత్త కాళ్ళతో ఎల్లిపోతావు. ఒకటుంటేనే మనిసికి రెండోదాని మీద ద్యాస."

వాళ్ళు నవ్వి ఇచ్చారు. సాయంత్రం కుంటుకుంటూ వచ్చి మూట చూపించారు. అదే అలవాటైపోయింది. ఎవరి పేరూ ఆవిడకు తెలిసేది కాదు, చెప్పుల్నిబట్టే గుర్తు. "నీలం పట్టీవోడు రాలేదేటి ఈ వారం? ఒంట్లో బాగోలేదేటో" అనేది.

పెద్దమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకునేది. పట్నంనుంచి వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని చూసేవారు. ఎవరైనా చెప్పు ఇవ్వనని మొండికేస్తే చుట్ట తీయకుండానే, "నోట్లో నిప్పెట్టుకుని మాటాడతన్నాను బాబూ, సూసుకో" అనేది. తాగిన చుట్టపీకను మాత్రం ఒక డబ్బాలో వేసేది. గట్టు మీద పడేయగా నేనెప్పుడూ చూడలేదు.

ఇదంతా మామకి నచ్చేది కాదు. మామ పెద్దమ్మకి సొంత తమ్ముడు. రేవులో ఇంజను పడవ మీద జనాన్ని ఏటిలో తిప్పుతాడు.

"అప్పా, సెప్పులిప్పిత్తే మన రేవుకి ఎవుడొత్తాడు? అవతల రేవుకి పోతారు. నా పిల్లలు ఏటి తింటారు?"

"నీ పిల్లలకి మేనత్తని రా నాను. వాల్లకీ కాల్లున్నాయి, సూసుకున్నావా?"

ఊరి పెద్దలు మామ వైపే మాట్లాడారు. వచ్చినవాళ్ళతో ఇంకొక్క గొడవ జరిగినా ఆ చెప్పుల పని ఆపేయాలన్నారు. పెద్దమ్మ తల ఊపింది. ఆపేస్తే ఆడవాళ్ళు బురద వదులుకోవాల్సిందేనని ఆవిడకు తెలుసు. బురద వదిలేస్తే మా అమ్మలాంటి వాళ్ళకు ఇంకో పని లేదు.

ఆ మాట అనుకున్నాక వచ్చిన కార్తీకమాసంలో ఒక ఆదివారం నేను ఊళ్ళోనే ఉన్నాను. పెందుర్తి వైపునుంచి ఒక కాలనీ కాలనీ అంతా బస్సుల్లో వనభోజనాలకు దిగింది. మా గట్టు మీద ఉసిరిచెట్టు ఉండదని ముందే తెలుసుకుని, ఒక కొమ్మ తెచ్చుకుని ఇసకలో పాతుకున్నారు. వాళ్ళ కాలనీకి పెద్ద, ఒక తెల్లలాల్చీ ఆయన.

"ఏంటమ్మా ఇది? గుడికా మేమొచ్చింది?"

"గుడికైతే రెండూ ఇప్పించుదును బాబూ. ఇక్కడ ఒకటే."

వెనక ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆయనకీ విప్పక తప్పలేదు. ఇంకేముంది, చెప్పుల మీద చెప్పులు. పాక ముందు చోటు చాలక పెద్దమ్మ చెప్పులు పెట్టే ప్లాస్టిక్ పట్టాను లాగి లాగి ఏటి వార చదునుగా ఉన్నచోట పరిచింది. పౌర్ణమి దగ్గర పోటు ఎంత ఎక్కుతుందో మా ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆవిడ ఆ హడావిడిలో ఏటివైపు చూడనేలేదు.

విస్తళ్ళలో పప్పు పడింది. అంతలో మా అమ్మ కేక.

"అప్పా! సెప్పులు! సెప్పులెల్లిపోతన్నాయి!"

పోటు నీరు పట్టాను ఎత్తేసింది. ఎర్రవి, నల్లవి, బంగారు పూసలవి, అన్నీ బారులు తీరి ఏటి ఎగువకి పోతున్నాయి. విస్తళ్ళు వదిలేసి జనమంతా ఒంటి చెప్పుతో గెంతుకుంటూ పరుగు. ఆడవాళ్ళు చీరలు ఎగదోపి నీళ్ళలో దిగారు. గట్టు పొడుగునా ఉన్న గేలాలవాళ్ళు చేపల సంగతి మరిచి చెప్పుల మీదికి గేలాలు విసిరారు. ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడిపే ఆయన ప్రతి ఆదివారం వచ్చేవాడు. ముందు ఆయన కర్రే వంగింది.

"తగిలింది!"

"ఏం సేప?"

"తొమ్మిదో నంబరు, మగది!"

గట్టంతా గొల్లుమంది. ఇక విసురు విసురుకీ ఈలలే.

"ఆ పూసలది నాదండీ! మెల్లిగా లాగండి, పూసలు ఊడతాయి!"

"గుచ్చకుండా ఎలా లాగమంటారు మేడమ్, మంత్రం వేసా?"

మామ ఇంజను పడవ తీశాడు. లాల్చీ ఆయన కూడా అందులోకి దూకి ముందు నిలబడి, "అటు, అటు! ఇటు పోనీ!" అని చేతులు ఊపుతున్నాడు. చెప్పుల బారును దాదాపు అందుకున్నారు. ఇంజను ఒక్కసారి గురగురమని ఆగిపోయింది.

మామ కత్తి పళ్ళ మధ్య పెట్టుకుని దూకాడు. మునిగాడు, తేలాడు, తిట్టాడు, మళ్ళీ మునిగాడు. ఇంజను పంకాకి చుట్టుకున్న తంగూసుని కోసి పైకి తెచ్చేసరికి అది కొబ్బరికాయంత ఉండ. దాంట్లో గేలాలు. మామ అరచెయ్యి చీరుకుపోయింది.

దొరికినన్ని చెప్పుల్ని ఒడ్డుకు తెచ్చాక ఆ ఉండను గేలాలవాళ్ళ ముందు పడేశాడు.

"ఇదెవుడిది?"

క్రేను ఆయన కర్ర కింద పెట్టి, "ఎవరిదైతే ఏంటి అన్నా, మాదే" అన్నాడు.

పెద్దమ్మ నోట్లో అప్పుడు చుట్ట లేదు. మామ చేతికి తన చీరచెంగు చుడుతూ అంది.

"తప్పు నాది తమ్ముడా. పట్టా కిందకి లాగింది నానే. గొడవైపోనాది. మానెత్తాను."

మామ చేతివైపు చూసుకున్నాడు.

"మానేడం ఏటి? పట్టా పైకి లాగు."

అంతే అన్నాడు. ఆ పై ఆదివారం నుంచి పడవ ఎక్కేవాళ్ళ దగ్గర చెప్పు మామే అడిగేవాడు. లాల్చీ ఆయన చెప్పు దొరకలేదు. పెద్దమ్మ కొనిస్తానంటే వద్దన్నాడు. విస్తళ్ళన్నీ మూటలు కట్టించి, బస్సు మీదకు ఎక్కించి, ఒంటికాలి మీద గెంతుకుంటూ తను ఎక్కాడు.

గట్టు ఇప్పుడు అద్దంలా ఉందని నేను చెప్పను. వానలకు ఎగువనుంచి కొట్టుకొచ్చేది వస్తూనే ఉంటుంది. రాత్రి దొంగచాటుగా వచ్చి తాగేవాళ్ళు తాగుతారు. కానీ ఈ ఏడు మా వీధిలో కాలికి గాజు దిగి ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు లేరు. ఆడవాళ్ళు బురద వదల్లేదు.

నేను ఊరు చేరేసరికి ముసురు ఇంకా తెరిపివ్వలేదు. క్రేను ఆయన, ఇంకొందరు గేలాలవాళ్ళు కర్రలు లేకుండా వచ్చి వాకిట్లో తడుస్తూ నిలబడ్డారు. వాళ్ళ పేర్లు మాకెవరికీ తెలియవు. మామ వాళ్ళను లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆదివారం. పెద్దమ్మ కూతురు పాక తెరిచింది. మా అమ్మను పాకలో కూర్చోమన్నారు ఆడవాళ్ళు.

"నాను కూకోను. మా అప్ప కాలు ఆగిపోనాది గానీ నా కాలు ఆగలేదు" అని గంప తీసుకుని అందరికన్నా ముందు బురదలోకి దిగింది.

ఎండ ఎక్కేదాకా ఏరారు. నీరు తిరిగి ఎక్కడం మొదలయ్యాక పడుచువాళ్ళు ముందు ఒడ్డెక్కారు. వాళ్ళ వెనక గేలాలవాళ్ళు సర్దుకుని, పాకలో మూటలు చూపించి వెళ్ళారు. మోకాలిదాకా నీళ్ళు వచ్చాక అమ్మ వచ్చింది, గంప నెత్తి మీద పెట్టుకుని. నేను మధ్యాహ్నం బస్సుకి హార్బరుకి వెళ్ళిపోయాను.