సాంచెకిచ్చిన జవాబు మామకు తగిలింది

ఒకే ఒక్క జవాబుతో మా అక్క కాపురంలో నిప్పులు పోయబోయిన ఘనత నాది. నవ్వడానికి తొందరపడకండి, చివరిదాకా వినండి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బందుల పుణ్యమా అని కాలేజీ లేదు. సిరిసిల్లలో సలీం నెట్ సెంటర్ షట్టర్ సగం దించి ఉంటే, కింద నుంచి దూరి కంప్యూటర్ ముందు చతికిలబడేవాణ్ని. తెలుగులో ప్రశ్నలూ జవాబులూ నడిచే వెబ్‌సైట్ ఒకటుండేది. జవాబులు ఎక్కువిచ్చి, ఒక్కటైనా 'ఉత్తమ జవాబు' అనిపించుకుంటే పేరు పక్కన 'మహాజ్ఞాని' అని పడుతుంది. ఆ ఒక్క మాట కోసం తిండి కూడా మానేశాను. (నెట్ సెంటర్లో ఉన్నంతసేపే లెండి.)

నాకున్న జ్ఞానమల్లా ఒక్కటే. ఇంట్లో మరమగ్గాలు, అంటే మా సాంచెలు, మొరాయించినప్పుడు మా నాన్న, అదే మా బాపు, చదివే మంత్రం: "ముందుగాల కరెంటు బంద్ జెయ్యి. దుమ్ము దులుపు. రెండు సుక్కల నూనె పొయ్యి. గప్పటికీ లొల్లి జేస్తే పక్కన ఒక్కటి గుద్దు. ఇగ నడ్వకుంటే పాత ఇనుముకెయ్యి."

జగిత్యాల నుంచి ఎవరో కుట్టుమిషన్ గురించి అడిగితే దీన్నే అతికించాను. మిక్సీకీ అదే, ఫ్యానుకూ అదే. ఆ తర్వాత కనబడిన ప్రతి ప్రశ్నకూ అదే. సైట్ చూసుకునే పెద్దమనిషి హెచ్చరించాడు: "ఒకే జవాబును అన్నిచోట్లా అతికించకండి. పాత జవాబు పనికొస్తే అది ఎక్కడుందో చూపించండి, చాలు."

"కుళ్లుకుంటుండు భాయ్," అన్నాను సలీంతో.

"అసలు ప్రశ్న సదువుతున్నవా?"

"సదువుకుంట కూసుంటే మహాజ్ఞాని ఎప్పుడైత?"

ఇక మా ఇంటి సంగతి. ఉద్యమం కోసం రోడ్డు మీదే వండి తినే వంటావార్పు రోజున బాపు స్వయంగా పప్పు వండాడు. కోరుట్ల నుంచి వచ్చిన మా బావ నలుగురి ముందూ "ఉప్పెక్కువైంది మామా" అన్నాడు. అంతే, బాపు అలిగాడు. మనవరాలి పుట్టువెంట్రుకలకు కోరుట్ల గడప తొక్కనన్నాడు. తాత రాకుంటే పిల్ల తల మీద కత్తెర పెట్టనివ్వనని అక్క ఫోన్లో ఒకటే ఏడుపు. నాకూ బాధగానే ఉంది. కానీ కాబోయే మహాజ్ఞానికి తీరికేదీ?

ఓ రోజు బావ ఫోన్ పట్టుకుని మా ఇంట్లో దిగాడు. బాపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"మామా, అలిగిన మామను ఎట్ల మెప్పియ్యాలెనని నెట్ల అడిగిన. ఒకడేం జెప్పిండో ఇనుండ్రి," అని బావ చదవడం మొదలుపెట్టాడు. "ముందుగాల కరెంటు బంద్ జెయ్యి..."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"...పక్కన ఒక్కటి గుద్దు. ఇగ నడ్వకుంటే పాత ఇనుముకెయ్యి! గిదేం మాట మామా? మిమ్ముల నేను గట్ల జేస్తనా?"

బాపు మెల్లగా తిరిగాడు. బావ వైపు కాదు, నా వైపు.

"గీ మాట నాది గదరా!"

"బాపూ, అది... సాంచెలకు..."

మాట పూర్తికాకముందే నా వీపు మోగింది. తర్వాత బాపు బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"సూస్తివా అల్లుడా! కన్నకొడుకు నన్ను పాత ఇనుముకేస్తుండు. ఉప్పెక్కువైందన్న నువ్వే నయం. పుట్టెంటికలు ఎప్పుడో జెప్పు, అస్త."

బావ ఆనందం పట్టలేక నా జవాబుకే 'ఉత్తమ జవాబు' గుర్తు నొక్కాడు. పేరు పక్కన మహాజ్ఞాని పడింది. మర్నాడే సైట్ పెద్దమనిషి నన్ను బయటికి గెంటేశాడు. వీపు మంట పుడుతున్నా, కోరుట్లలో అక్క నవ్వుముఖం చూసి కడుపు నిండిపోయింది.

మా ఇంటి సాంచెల సాక్షిగా ఒట్టు. ప్రశ్న మొత్తం చదవనిదే జవాబివ్వను. ఒకరికిచ్చిన జవాబు ఇంకొకరికి అతికించను. 'మామ' అన్న మాట కనబడితే కంప్యూటరే ఆపేస్తాను.

ఒట్టు నాది, బాపుది కాదు. మొన్న మోకాలు పట్టేసిందని బాపుతో అన్నాను. తల కూడా ఎత్తలేదు.

"రెండు సుక్కల నూనె పొయ్యిరా. గప్పటికీ నడ్వకుంటే ఇటు రా, పక్కన ఒక్కటి గుద్దుత."