పర్శరాములు మూసుకున్న కన్ను

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఆటో నడిపే పర్శరాములుకు పసితనం నుంచే ఎడమకన్ను ముక్కువైపు తిరిగి ఉంటుంది. "నన్ను చూస్తున్నవా, వాన్ని చూస్తున్నవా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "ఇద్దర్నీ చూస్తున్న, ఇద్దరూ ఎక్కుండ్రి" అనేవాడు. నాలుగేళ్ళ కూతురు ఆశ్రితకూ అదే కన్ను అలాగే తిరిగితే, తండ్రి పోలిక అని ఇంట్లోవాళ్ళు నవ్వుకున్నారు. భార్య సాయిలతకు మాత్రం మనసొప్పలేదు. ఒక ఉదయం తండ్రీకూతుళ్ళిద్దరినీ ఊళ్ళోని కంటి కేంద్రానికి లాక్కొచ్చింది.

అక్కడ పనిచేసే సుష్మిత, పాపను తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టి, సెల్‌ఫోన్ లైటు వేసి ఫొటోలు తీసింది. వాటిని కామారెడ్డిలోని డాక్టరమ్మకు పంపింది. కాసేపటికే వీడియో కాల్ వచ్చింది.

"కుడికంట్ల లైటు చుక్క నడుమల పడ్డది. ఎడమకంట్ల చెవి దిక్కు జరిగింది. మెల్ల ఉన్నట్టే," అన్నది డాక్టరమ్మ. "కానీ ఆ కన్ను ఎంత చూస్తదో ఫొటో చెప్పదు. కుడికన్ను మూసి చూడుండ్రి."

సుష్మిత అరచెయ్యి అడ్డం పెట్టగానే ఆశ్రిత ఏడుస్తూ తోసేసింది. మళ్ళీ పెడితే మళ్ళీ తోసేసింది.

"గిట్ల మూసుకోవాలె బిడ్డా, నన్ను చూడు," అంటూ పర్శరాములు తన కుడికన్నును అరచేత్తో మూసుకున్నాడు.

పాప ముఖం కనిపించలేదు. ఒళ్ళో బరువు ఉంది. ముఖం ఉండాల్సిన చోట మబ్బు ఉంది. గోడ, తలుపు, సుష్మిత, అన్నీ ఆ మబ్బులో కలిసిపోయాయి. చెయ్యి తీశాడు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మళ్ళీ మూశాడు. మళ్ళీ మబ్బే.

"ఏమైంది?" అన్నది సాయిలత.

"కనవడ్తలేదు." ఆ గొంతు తనదేనా అనిపించింది అతనికి.

ఇన్నేళ్ళూ ఒంటికంటితో బతికానని అతనికి తెలియనే తెలియదు. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి గనక రెండింటితోనూ చూస్తున్నాననుకున్నాడు. ఆటో ఎడమపక్క గీసుకున్న ప్రతిసారీ ఎదుటివాణ్ణే తిట్టాడు. ఆ పక్కనే ఇరుక్కుని కూర్చునే బడిపిల్లలు గుర్తొచ్చారు.

"నాకు బాగైతదా మేడం?"

"చిన్నప్పుడే మీ మెదడు ఆ కన్నును వదిలేసినట్టున్నది అన్నా. ఇప్పుడు చూపు వచ్చుడు కష్టం. పాపకు ఇంకా టైమున్నది. ఇద్దరూ కామారెడ్డికి రాండ్రి."

ఆటోను అక్కడే వదిలి, భార్యాబిడ్డలతో బస్సెక్కాడు. కామారెడ్డిలో పరీక్షలు చేసి డాక్టరమ్మ అదే మాట ఖాయం చేసింది. పాపకు అద్దాలు ఇచ్చి, మంచి కంటికి రోజూ కాసేపు పట్టీ వెయ్యమన్నది. చూపు కుదిరాక ఆపరేషన్‌తో కన్ను సరిచేస్తానన్నది.

పట్టీ వేస్తే ఆశ్రిత గుమ్మానికి తగిలి ఏడ్చేది. సాయిలత పీకెయ్యబోయింది. పర్శరాములు ఆపి, తన మంచి కంటికి రుమాలు కట్టుకుని పాప పక్కన కూలబడ్డాడు. ఇద్దరూ తడుముకుంటూ గచ్చు మీద చింతగింజలు ఏరారు. సాయిలత గోడకు ఆనుకుని చూస్తూ ఉండిపోయింది.

బడిపిల్లల్ని ఎక్కించుకోవడం అతను మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆటో బామ్మర్దికిచ్చి టైర్ల దుకాణంలో పనికి కుదిరాడు.

చలికాలంలో ఒకనాడు, పట్టీ కట్టుకునే ఉన్న ఆశ్రిత అతని ముఖంలోకి వంగింది.

"బాపూ, నీ మీసంల తెల్ల ఎంటిక ఉన్నది."

"ఏదీ, పీకు," అన్నాడు ఊపిరి బిగబట్టి.

ఆమె వేళ్ళు తడుముకోలేదు. నేరుగా దాని మీదే పడ్డాయి.