నర్సక్క వంటకు నా ముక్కు

పోపులో వెల్లుల్లి ఎర్రబడుతున్న వాసన రాగానే ఇంటికి వచ్చానని నమ్మకం కలిగింది. దాహోద్ వైపు బ్యాంకు శాఖల్లో ఐదు రోజులు కొత్త సాఫ్ట్‌వేర్ మీద శిక్షణ ఇచ్చి, ఈ మధ్యాహ్నమే సూరత్‌లో రైలు దిగాను. బ్యాగు ఇంకా గుమ్మం పక్కనే ఉంది. ఫ్రిజ్‌లో పులిసిన పెరుగు, మెత్తబడ్డ రెండు టమాటాలు, వడిలిన అల్లం ముక్క, డబ్బాలో రెండు గుప్పెళ్ల అటుకులు. ఆటోలో వస్తున్నప్పుడు ఫోనులో భోజనం తెప్పించుకుందామనుకున్నాను గానీ, ఐదు రోజుల హోటల్ తిండి తర్వాత నాలుక ఒప్పుకోలేదు. అటుకులు తడిపి పెరుగులో కలిపాను. టమాటాలను అల్లంతో మగ్గబెడుతున్నాను. ఈ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలియనిదాన్ని పొయ్యి మీద పెట్టి, ఏమవుతుందో చూద్దామని నిలబడటం నాకు నేర్పింది నర్సక్క.

బ్యాంకులో నా మొదటి ఉద్యోగం ఈ ఊళ్లోనే. కాకినాడ నుంచి వచ్చి పర్వత్ పాటియా అనే పేటలో ఒక మేడ మీద రెండు గదులు తీసుకున్నాను. కింది వాటాలో నర్సక్క, ఆమె భర్త రాజేశం ఉండేవాళ్లు. వాళ్లది సిరిసిల్ల దగ్గర పల్లె. రాజేశం మరమగ్గాల మీద పనిచేసేవాడు. అదే ప్రాంతం నుంచి వచ్చి మగ్గాల కార్ఖానాల్లో పనిచేసే పదిహేను మందికి నర్సక్క రోజూ వండిపెట్టేది. పగటి షిఫ్టు వాళ్లు ఒక విడత, రాత్రి షిఫ్టు వాళ్లు ఒక విడత వచ్చి ఆమె ముందుగదిలో చాపల మీద కూర్చుని తినేవాళ్లు. ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. సన్నటి మనిషి, ఎప్పుడూ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఉండేది. మొదటి రెండు నెలలూ మెట్ల దగ్గర నవ్వుకోవడమే తప్ప మా మధ్య మాటల్లేవు.

ఒకసారి వారం రోజుల క్యాంపు నుంచి ఇలాగే మధ్యాహ్నం పూట తిరిగి వచ్చాను. తాళం తీస్తుంటే నర్సక్క పైకి వచ్చింది, నా మొహం చూసింది.

"తిన్నవా మేడం?"

"లేదక్కా. ఇంట్లో ఏమీ లేవు. నూడుల్స్ చేసుకుంటాను."

"ఏం లేకపోవుడేంది? ఇల్లన్నంక ఏదో ఒకటి ఉంటది. జర నన్ను సూడనియ్యి."

అడిగిందే గానీ నా జవాబు కోసం ఆగలేదు. వంటగదిలోకి వెళ్లి డబ్బాలన్నీ దించింది. చింతపండు దొరికింది. బియ్యం దొరికాయి. ఆఫీసులో ఎవరో పంచిపెట్టిన గాఠియా పొట్లం దొరికింది. శనగపిండితో చేసే ఆ కారప్పూస లాంటిది నేను నోట్లో కూడా వేసుకోలేదు. ఆమె దాన్ని వేళ్ల మధ్య విరిచి, చప్పుడు విన్నది.

"చింతపులుసుల ఇది ఏస్తే ఏమైతది?"

"ఏమవుతుంది?"

"నాకేం ఎరుక? నేనెన్నడు ఏసిన్నా? సూద్దాం పట్టు."

పులుసు మరిగింది. గాఠియా వేసి మూత పెట్టి, అన్నం అయ్యాక గరిటెడు నా అరచేతిలో పోసింది. బాగుందన్నాను.

"ఉత్తగ మంచిగుందనకు. ముందుగాల ఏం తాకింది? తర్వాత ఏం తాకింది? ముక్కుకేం తెల్సింది?"

నన్ను ఎవరూ అలా అడగలేదు. కళ్లు మూసుకుని మళ్లీ నాకాను. మొదట పులుపు, దాని వెనక వాము, చివర్లో మెంతులు కాస్త మాడిన వాసన ఉందని చెప్పాను. "మాడిందా?" అని రెట్టించి అడిగి, కొంచెం బెల్లం వేసింది. ఆ రోజు నేను గిన్నె అడుగు వేలితో తుడిచి తిన్నాను.

అప్పటి నుంచి నేను ఊరు నుంచి రావడమే ఆలస్యం, ఇద్దరం కలిసి నా వంటగది గాలించేవాళ్లం. మేడం పోయి 'చెల్లె' అయ్యాను. మిగిలిన ఇడ్లీ పిండిలో ముల్లంగి ఆకు వేశాం. జామకాయ కూర వండాం, అది ఘోరంగా వచ్చింది. ఇద్దరం నవ్వుకుంటూ అంతా పారేశాం. పొద్దున బ్యాంకుకు బయల్దేరేటప్పుడు కూడా ఆమె గుమ్మంలోంచి పిలిచేది. "చెల్లె, జర ఈ పప్పు వాసన సూసి పో." నేను వంగి చూసి, ఇంగువ ఎక్కువైందనో కొత్తిమీర తక్కువైందనో చెప్పేదాన్ని. నాకు వంట నేర్పడానికి పరీక్షలు పెడుతోందనుకునేదాన్ని. మంచి విద్యార్థిని కాబట్టి రోజురోజుకూ వివరంగా చెప్పేదాన్ని. ఆమె ప్రతి మాటకూ తలాడిస్తూ, కళ్లు చికిలించి ఎటో చూసేది.

రెండో ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం భరూచ్ నుంచి వచ్చాను. మెట్ల దగ్గరే గ్యాస్ వాసన గుప్పుమంది. నర్సక్క తలుపు ఓరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్తే, ఆమె సిలిండర్‌కు మూరెడు దూరంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, "అచ్చినవా, చాయ్ పెడత" అని లేచి అగ్గిపెట్టె అందుకుంది.

నేను అరిచిన అరుపుకు అగ్గిపెట్టె ఆమె చేతిలోంచి పడిపోయింది. రెగ్యులేటర్ కట్టేశాను, కిటికీలు బార్లా తెరిచాను, ఆమెను చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చాను. వానలో నిలబడ్డాం.

"ఇంత వాసన వస్తుంటే అక్కడెలా కూర్చున్నావక్కా?"

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. తర్వాత మెల్లగా అంది. "నాకు వాసన తెల్వది చెల్లె. ఐదేండ్ల కింద జెరమొచ్చింది. అది తగ్గింది గని ముక్కు రాలే. ఉప్పు, పులుపు, కారం, తీపి, గంతే తెలుస్తయ్."

"రాజేశం అన్నకు తెలుసా?"

"ఎవ్వలకు తెల్వది. వాసన తెల్వనిదాని చేతి బువ్వ ఎవలు తింటరు?"

నాకు ముందు కోపం వచ్చింది. ఏడాదికి పైగా నా ముక్కును వాడుకుంటూ నాకు ఒక్కమాట చెప్పలేదు. మరి కాసేపటికి కోపాన్ని పక్కకు నెట్టి ఒక ప్రశ్న పైకొచ్చింది. ఇన్నాళ్లూ ఎలా వండింది? అడిగాను. ఆమె మొహం కొద్దిగా వెలిగింది. ఆవాలను చెవితో వింటుందట. వెల్లుల్లిని రంగుతో, పప్పును వేళ్లతో, చేపను దాని కంటితో పోల్చుకుంటుందట. వాసనలన్నీ ఆమెకు యాదికున్నాయట. నేను 'మెంతులు మాడాయి' అంటే ఆ వాసన తలలో లేచి నిలబడేదట. "నువ్వు చెప్తుంటె నాకు అచ్చినట్టే ఉంటుండె చెల్లె" అంది. పొద్దున్నే నేను హడావిడిగా చెప్పి పారిపోయిన మాటలు ఆమెకు అంత పని చేశాయని నాకు అప్పుడు తెలిసింది.

ఇక దాచడం కుదరదని నేను పట్టుబట్టాను. నేను ఊళ్లో లేనప్పుడు గ్యాస్ లీకైతే? ఆమె ఏడ్చింది, తిట్టింది, చివరికి ఒప్పుకుంది. ఆదివారం అందరూ తింటున్నప్పుడు గోడకు ఆనుకుని నిలబడి, కొంగు నలుపుతూ చెప్పింది. రాజేశం ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. నర్సక్క నేల చూపులు చూస్తోంది. అప్పుడు వాళ్లలో పెద్దవాడైన మల్లేశం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పక్కవాడిని అడిగాడు. "ఏమన్నది? వినపడలే."

పక్కవాడు గట్టిగా అరిచి చెప్పాడు.

"గంతేనా?" అన్నాడు మల్లేశం. "ఇరవై ఏండ్లు మగ్గాల సప్పుడుకు మా చెవులు పోయినయ్. నీకు ముక్కు పోయింది. జర పప్పు ఎయ్యి అక్కా."

గది నవ్వులతో నిండిపోయింది. నర్సక్క పప్పు గిన్నె తెస్తూ కొంగుతో మొహం తుడుచుకోవడం నేనొక్కదాన్నే కాదు, అందరూ చూశారు. మర్నాడు రాజేశం సిలిండర్‌ను వెనక వరండాలోకి మార్చాడు. పొయ్యి వెలిగించే ముందు ఇంట్లో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు వెళ్లి వాసన చూసి రావాలని నియమం పెట్టాడు.

నాలుగేళ్ల తర్వాత రాజేశం మోకాళ్లు పనికి సహకరించక వాళ్లు సిరిసిల్ల వెళ్లిపోయారు. నర్సక్క ఇప్పుడు కూతురి ఇంట్లో ఉంటోంది. అక్కడి వంటంతా ఆమెదే. మనవరాలు పక్కన నిలబడి వాసనలు చెబుతుందట. పిల్ల అబద్ధాలాడుతుందని ఫోనులో ఫిర్యాదు చేస్తుంది.

మొన్న దాహోద్ క్లాసులో చివరి వరసలో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ గుమాస్తా ఒకాయన కూర్చున్నాడు. అందరూ కాకా అంటారు. తెర మీద ఏమొచ్చినా పక్కనున్న అమ్మాయిని చదవమనేవాడు, కళ్లజోడు మరిచిపోయానని రోజూ చెప్పేవాడు. ఆయనకు కొత్తవి ఎక్కవు, వదిలేయండి అన్నాడు మేనేజరు. కానీ ఆ అమ్మాయి చదివి వినిపిస్తే కాకా ఒక్క తప్పు లేకుండా పని పూర్తి చేస్తున్నాడు. టీ తాగేటప్పుడు ఆయన పక్కన కూర్చుని, "ఏ మీట ఎక్కడుందో చూడకుండానే నొక్కుతున్నారు. ఎలా చేస్తున్నారు కాకా?" అని అడిగాను. ఆయన నవ్వేశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, ఏడాదిగా చూపు మధ్యలో మసక ముసురుకుంటోందని, అంచులు మాత్రమే కనిపిస్తున్నాయని చెప్పాడు. ఇంట్లో కూడా చెప్పలేదట.

గురువారం భోజనాల వేళ ఆయన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పోయిన చూపు తిరిగి రావడం కష్టమని, మిగిలిన చూపును కాపాడటానికి వెంటనే చికిత్స మొదలుపెట్టాలని డాక్టరు అన్నాడు. "ఏడాది పాటు ఎందుకు ఊరుకున్నారు? ఎవరికైనా చెప్పాల్సింది కదా" అని డాక్టరు మందలించాడు.

కాకా నన్ను చూడటానికి తల కాస్త పక్కకు తిప్పాడు. "ఎందుకు చేయలేకపోతున్నావని అందరూ అడిగారు సాబ్" అన్నాడు. "ఎలా చేస్తున్నావని ఈ అమ్మాయే అడిగింది."