ఓవర్‌టైప్ మింగిన అర్జీ

తెలంగాణ ఉద్యమం ఉడుకెత్తిన రోజుల్లో, సిరిసిల్ల నేత కార్మికులందర్నీ ఒక్క పూటలో సమైక్యవాదుల్ని చేసిన ఘనత నాది. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

నాకు చూపు లేదు. కోరుట్లలో భూమక్క నడిపే టైపింగు షాపులో పని. తెర మీది రాతను చదివి వినిపించే కంప్యూటర్ గొంతే నా కళ్లు. దరఖాస్తుల్లో చుక్కల మీద పేర్లు నింపాలంటే, పాత అక్షరాలను చెరిపేస్తూ కొత్తవి పడే ఓవర్‌టైప్ పెట్టాలి. మామూలు టైపింగుకి తీసెయ్యాలి. మార్చిన ప్రతిసారీ ఆ గొంతు "ఓవర్‌టైప్ ఆన్, ఓవర్‌టైప్ ఆన్" అంటూ, చెవిటి పెళ్లికొడుక్కి మంత్రం చెప్పే పురోహితుడిలా రెండేసిసార్లు చెప్పేది.

"గదేందే, ఒక్కసారి చెప్తే సమజ్ కాదా నీకు?" అని భూమక్క విసుక్కుంది.

"నాకైతది అక్కా. దానికే అయితలేదు."

సెట్టింగులు వెతికి ఆ ప్రకటన ఆపేశాను. రెండోదాన్ని ఒక్కదాన్నే ఆపే తెలివి లేక మొదటిదాన్నీ ఆపాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మూయిస్తే ఊరు మీద పడుతుందని నాకెవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే సిరిసిల్ల నుంచి రాజేశం మామ వచ్చాడు. మా అమ్మ తమ్ముడు, మరమగ్గాల కార్మికుడు, అక్కడి దీక్షా శిబిరంలో పెద్ద. ఆయన చెబుతుంటే అర్జీ టైప్ చేశాను. చివరి వాక్యం: "సమైక్య రాష్ట్రం వద్దు, ప్రత్యేక రాష్ట్రమే కావాలి." ఇంతలో ఎవరో తెచ్చిన దరఖాస్తును ఓవర్‌టైప్ పెట్టి నింపిచ్చాను. తియ్యడం మరిచాను. గొంతు గుర్తు చెయ్యలేదు.

"బిడ్డా, ఎవలకు వద్దో రాయలే. 'సమైక్య రాష్ట్రం' అన్నంక 'సిరిసిల్ల నేత కార్మికులకు' అని పెట్టు," అన్నాడు మామ.

పెట్టాను.

"మల్లోసారి సదువుతవా?"

"నాతాన తప్పులుండయి మామా."

బస్సుకు టైమైందని ప్రింట్లు మడిచి జేబులో పెట్టుకుని, శిబిరం చూద్దువు రమ్మని నన్నూ వెంట తీసుకెళ్లాడు. సిరిసిల్లలో దిగగానే తహసీల్దారు ఆఫీసులో ఒక కాపీ ఇచ్చి, శిబిరానికి వెళ్లి మైకు అందుకున్నాడు.

"సమైక్య రాష్ట్రం సిరిసిల్ల నేత కార్మికులకు కావాలి," అని చదివి ఆగిపోయాడు.

డప్పు ఆగింది. దగ్గులు కూడా ఆగాయి. ఒక ముసలాయన మెల్లగా అన్నాడు: "రాజేశం, పొద్దుగాల మంచిగనే ఉంటివి కదరా."

ఓవర్‌టైప్ తియ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది. నేను చేర్చిన మాటలు 'వద్దు, ప్రత్యేక రాష్ట్రమే'ను కొలిచినట్టు మింగి, 'కావాలి' దగ్గర తేన్చి ఆగాయి. తడుముకుంటూ మైకు దగ్గరికెళ్లాను.

"మామది తప్పు లేదు. నేను టైప్ చేసిన. నా కంప్యూటర్ తిన్నది."

"ఏం తిన్నదమ్మా?"

"'వద్దు' తిన్నది."

శిబిరమంతా పగలబడి నవ్వింది. బతికాననుకుంటుండగా మామ నా చెవిలో, "ఆఫీసుల ఒకటి ఇచ్చినం కదనే," అన్నాడు.

పరుగున వెళ్లాం. గుమస్తా తాపీగా చెప్పాడు: "ముద్ర పడ్డ కాయితం వాపస్ రాదు. గది తప్పని ఇంకో అర్జీ పెట్టుకోండ్రి. చేతిరాత నడవది. జర టైపింగ్ మంచిగొచ్చినోళ్లతోని కొట్టించుకొని రాండ్రి."

మామ నన్ను ఎలా చూశాడో నాకు తెలియదు. నా భుజం మీదున్న ఆయన చెయ్యి మాత్రం మెల్లగా లేచిపోయింది.

కనుక పాఠకులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కంప్యూటర్ నోరూ మూయించను. అది "ఓవర్‌టైప్ ఆన్" అని పదిసార్లు చెబితే, పదిసార్లూ చేతులు కట్టుకుని ఊఁ కొడతాను.