శనగచేలో పడ్డ గుండుకు కళ్లు తెరవబోయిన రోజు

ఆళ్లగడ్డకు చాలామంది శిల్పుల పని చూడడానికి వెళ్తారు. నేను ఒక శిల్పి పని ఆపడానికి వెళ్లాను. ముందు రోజు సాయంత్రం మా అక్క సుభద్ర ఫోన్ చేసింది. వాళ్ల శనగచేలో ఆకాశం నుంచి నల్లటి గుండు పడిందట, బిందె కంటే పెద్దదట. పొద్దున చూసినవాళ్లు దండం పెట్టారు, మధ్యాహ్నానికి పసుపు పూశారు, ఆ తర్వాత మా బావ ఆళ్లగడ్డ వెళ్లి శిల్పికి తాంబూలం ఇచ్చి వచ్చాడు. "రేపు పదకొండుకు ఉలితో చెక్కి దానికి కండ్లు తెరుస్తారంట. మీ బావ నా మాట ఇనేటట్టు లేడు. నువ్వు బేగా రా," అంది.

నేను నంద్యాలలో ఒక వెల్డింగ్ షెడ్డులో పనిచేస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. మిగిలిందంతా ఫోన్‌లో చూసి, అర్థం కాకపోతే మళ్లీ చూసి నేర్చుకున్నాను. అక్క చెప్పిన గుండు ఏమై ఉంటుందో వెంటనే తట్టింది. రాకెట్ల ఖాళీ భాగాలు చాలా వరకు పైనే తిరుగుతూ ఉంటాయి. కిందికి జారినప్పుడు ఎక్కువ భాగం గాలిలోనే కాలిపోతుంది. ఇంధనాన్నో గ్యాసునో నింపే గట్టి లోహపు ట్యాంకులు మాత్రం అప్పుడప్పుడు నేల దాకా వస్తాయి. లోపల ఒత్తిడి మిగిలి ఉండొచ్చు, విషపు ఇంధనం మిగిలి ఉండొచ్చు, ఏమీ ఉండకపోవచ్చు. ఆ సంగతి సుత్తితో కొట్టి తెలుసుకోకూడదు. ఖాళీదే కదా అని డీజిల్ ట్యాంకుకు కట్టర్ పెట్టి రెండు వేళ్లు పోగొట్టుకున్న మేస్త్రీ దగ్గరే నేను పని నేర్చుకున్నాను.

నంద్యాల బస్టాండులో ఏడున్నరకు బస్సు ఎక్కాను. కడప వైపు వెళ్లే బస్సులు ఆ దారినే పోతాయి కాబట్టి ఎక్కువసేపు నిలబడాల్సిన పని లేదు. పల్లెవెలుగులో గంటకు పైనే పడుతుంది, టికెట్టు వంద లోపే. శిరివెళ్ల దాకా రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి, శనగ కోతలు. నా పక్కన ఒక పెద్దమ్మ కూర్చుంది, నంద్యాలలో వీధులు ఊడ్చే పని ఆమెది. నా ఫోన్‌లోకి తొంగి చూసింది.

"ఏంది నాయనా అది, భూమి చుట్టూ ఈగల మాదిరి?"

"చెత్తమ్మా. రాకెట్ పెంకులు, పాడైన ఉపగ్రహాలు. పైన మనుషులుండే ఇల్లొకటి తిరుగుతాంటాది. ఇవి తగిల్తే దానికి బొక్క పడతాది."

"అట్లయితే వాళ్లేం చేస్తారు?"

"పెద్దది వస్తాంటే ఇంటినే పక్కకు జరుపుతారు. టైము ల్యాకపోతే కిందికి దిగొచ్చే బండిలోకి దూరి తలుపేసుకుంటారు. తగల్లేదని తెలిసేదాకా ఆడే."

"పైన ఊడ్చేటోళ్లు లేరా?"

"లేరమ్మా."

"ఏసేటోళ్లకన్నా సిగ్గుండల్ల," అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఈ విషయం మీద నేను ఇన్ని వీడియోలు చూశాను, అంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆ చెత్త సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్లు పోతుంది. మా బస్సు గంటకు పైగా ఈడ్చిన దూరం దానికి ఆరు సెకన్లు. ఆ వేగంలో పెయింటు పెచ్చు తగిలినా కిటికీ అద్దానికి గుంట పడుతుంది. రెండు పెద్దవి గుద్దుకుంటే లెక్కలేనన్ని ముక్కలవుతాయి, ఆ ముక్కలు మళ్లీ ఇంకోదాన్ని గుద్దుతాయి. తుఫాను వస్తోందని మన రైతుకు ముందే చెప్పే ఉపగ్రహాలు తిరిగేదీ ఆ పైనే. పైకి పంపిన రోజు చప్పట్లు కొట్టించుకునేవాళ్లలో చాలామంది, దించే సంగతి అడిగితే మొహం తిప్పుకుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆళ్లగడ్డలో దిగి నేరుగా శిల్పుల షెడ్ల వైపు నడిచాను. రాతిపొడి తెల్లగా కప్పేసిన వీధి, సగం చెక్కిన విగ్రహాలు, మిషన్ల రొద. మీరు వెళ్తే పొద్దున పూటే వెళ్లండి, అందరూ పనిలో ఉంటారు. బావ తాంబూలం ఇచ్చి వచ్చిన శిల్పి, వీరాచారి తాత మాత్రం లేడు. "మామ ఉలికి పూజ చేసుకోని ఇప్పుడే పాయె," అంది ఆయన కోడలు.

ఆటో పట్టుకున్నాను. ఊరి పేరు చెప్పగానే డ్రైవరు నవ్వాడు. "ఆకాశసామి కాడికా? మనిషికి యాభై."

"ఆ ఊరికి ముప్పై గదన్నా?"

"అది మొన్నటి దాకా. అప్పుడు ఆడ సామి ల్యాడు."

చేలో షామియానా వేశారు. ఊరంతా అక్కడే ఉంది. వరిగడ్డి మీద గుండు, దాని మీద మందంగా పసుపు, బంతిపూలు. ఎదురుగా కొత్త పంచెలో వీరాచారి తాత కూర్చుని ఉన్నాడు. రాయి సద్దు వినకుండా శిల్పి ఉలి పెట్టడు. ముందు సుత్తితో తట్టి చెవి ఒగ్గుతాడు. ఆయన సుత్తి అప్పటికే లేచింది.

"తాతా, కొట్టొద్దు," అని అరిచాను.

మా బావ ఓబులేసు వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "ఏం బామ్మర్దీ, మంచి పొద్దులో అరుస్తాండావ్?"

"బావా, అది రాకెట్ ట్యాంకు. పేలితే ముందు పొయ్యేది తాత, ఆ యెనక నువ్వు."

"రాకెట్టుది మన చేలోకి ఎందుకొస్తాది? పైన ఉండాల్సింది పైన్నే ఉండల్ల గదా."

"నేనూ అదే అడుగుతాండా."

జనం నవ్వారు. "నంద్యాల సైంటిస్టు వచ్చినాడు, కుర్చీ ఎయ్యండప్పా," అన్నాడొకడు. నాకు తెలిసిందంతా గొంతు చించుకుని చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. తాత సుత్తి మళ్లీ లేచింది.

అప్పుడు కనిపించింది. ఎండకు పసుపు ఆరి, గుండు నడుము చుట్టూ సన్నటి గీతలా పగిలింది. అలాంటి గీతను నేను రోజూ చేత్తో వేస్తాను.

"తాతా, వేలు పెట్టాకు, కంటితోనే నడుం కాడ చూడు. అది అతుకు. రెండు చిప్పలు చేసి కలిపినారు."

ఆయన సుత్తి ఒళ్లో పెట్టుకుని కళ్లద్దాలు తగిలించాడు. లేచి, గీత వెంటే గుండు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"రాయికి అతుకుండదు," అన్నాడు. "అతికిన దానికి నేను కండ్లు తెరవను. మా నాయన తెరవల్యా, వాళ్ల నాయన తెరవల్యా."

"తాంబూలం తీసుకుంటివి గదా తాతా," అన్నాడు బావ.

"రాయి అంటే తీసుకున్యా. ఇది రాయి గాదు." ఉలిని గుడ్డలో చుట్టేశాడు. "ఇంగ అందరూ ఎనక్కి పోండి. ఈ పిల్లోడు ఎంత దూరమంటే అంత దూరం."

ఊరు ఊరంతా నా చెయ్యి చూపిన వైపు నడిచింది. గుండు మీది గాలి మా వైపు వీయని గట్టున అందరినీ నిలబెట్టి పోలీసులకు ఫోన్ చేశాను. వాళ్లు వచ్చి తాడు కట్టి కాపలా పెట్టారు. మర్నాడు మాస్కులు వేసుకున్న మనుషులు వచ్చి దాన్ని తీసుకెళ్లారని అక్క చెప్పింది. లోపల ఏముందో చెప్పలేదట. సుత్తి పడనివ్వకపోవడం మంచిదయిందని మాత్రం బావతో అన్నారట. నాకు అది చాలు.

ఆ మధ్యాహ్నం, సామికి వండిన పొంగలి బావ ఇంటి ముందు కూర్చుని అందరం తిన్నాం. "సైంటిస్టుకు ఇంగింత నెయ్యి ఎయ్యి," అని పొద్దున కుర్చీ వేయమన్నవాడే అరిచాడు. బావ వచ్చి వేశాడు, రెండుసార్లు. "గెలిచినావు గదరా, ఇప్పుడన్నా ఆ మొగం సడలించు," అంది అక్క. సడలించాను. తిరుగు ఆటోలో వీరాచారి తాత నా పక్కనే కూర్చున్నాడు. డ్రైవరు మనిషికి ముప్పైయే తీసుకున్నాడు.

ఆ రాత్రి బస్సులో వస్తూ, పైన ఊడ్చేవాళ్లు లేరా అన్న పెద్దమ్మ ప్రశ్నే తలుచుకున్నాను. పైన ఇల్లు కట్టుకుని ఉన్నవాళ్లు తలుపేసుకుని కూర్చోవడానికీ, కింద మా అక్క చేలో గుండు పడడానికీ కారణం ఒకటే, వేసినవాడు తీయకపోవడం. తీసేదాకా నా కోపం తగ్గదు. కానీ ఆ రోజు ఒక చేలో, ఒక సుత్తి దించాం. దింపింది నా వీడియోలు కాదు, ఒక ముసలాయన నియమం. ఆయన నియమం ఆయనకు ఎంత గట్టిదో, పైకి పంపేవాళ్లకు, పంపినదాన్ని దించాలన్న వాళ్ల నియమం అంత గట్టిదైతే చాలు.

మీరు ఈ దారిలో తిరిగేటప్పుడు ఎక్కడైనా ఇలాంటిది కనిపిస్తే ముట్టుకోకండి, తట్టకండి. దాని మీది గాలి మీకు తగలని వైపు దూరంగా జరిగి 112కు ఫోన్ చేయండి. దేవుడే అయితే వాళ్లు వచ్చేదాకా ఆగుతాడు. పసుపు అప్పుడు పూయొచ్చు.